జన్యువును మోసుకుపోయే మలాము

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు నల్లగొండలో డిగ్రీ విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, తల్లిదండ్రులు కూర్చున్న సభలో ఒక చర్మవైద్యుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి పెట్టినం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఆశా అక్కలు కూర్చున్నరు, వెనుక బీఎస్సీ, ఫార్మసీ పిల్లలున్నరు. అందరికీ పనికొచ్చేటట్టు మాట్లాడుమన్నరు. అందుకని ఒక్కటే సంగతి పట్టుకుని పోత.

జీన్ థెరపీ, అంటే జన్యువునే మందుగ ఇచ్చి చేసే వైద్యం, అనంగనే జనం జన్యువు గురించే అడుగుతరు. దాన్ని ఎట్ల కోస్తరు, ఎట్ల సరిచేస్తరు అని. ఆ పని ప్రయోగశాలలకు చాలావరకు చేతికొచ్చింది. ఇప్పటికీ తిప్పలు పెడుతున్నది వేరే ఉన్నది. తయారుచేసిన జన్యువును ఏ కణానికి కావాల్నో ఆ కణం లోపటికి చేర్చుడు. మంచి జన్యువు సీసాలో ఉంటే రోగికి వచ్చేదేం లేదు. మోసుకుపోయేది ఏందన్నదే ఇక్కడ అసలు మందు. చర్మం దగ్గర ఈ సంగతి అన్నిటికన్నా బాగా తెలుస్తది.

మన చర్మానికి అన్నిటికన్నా మీద ఉండే పొరను స్ట్రాటం కార్నియం అంటరు. అందులో ఉండేవన్నీ చచ్చిపోయిన కణాలే. అరచేతులు, అరికాళ్లు విడిచిపెడితే దాని మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు, మైక్రోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మీ నోటుబుక్కు కాగితం దానికన్నా ఎన్నో రెట్లు మందం. కానీ ఆ పలుచని పొర చేసే పని చూడండి. గుడిసె మీద తాటికమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి కప్పుతరు కదా, ఈ కణాలు కూడ అట్లనే వరుస మీద వరుస పరుచుకుని ఉంటయి. సందుల నిండ కొవ్వు పదార్థం ఉంటది. బయటి నీళ్లు లోపటికి రావు, లోపటి నీళ్లు బయటికి పోవు. చెరువుల గంటసేపు ఈత కొట్టినా మనం నాని ఉబ్బకపోవుడు దీని పుణ్యమే.

మరి మలాములు ఎట్ల పనిచేస్తున్నయి? చిన్న అణువులు ఆ కొవ్వు సందుల నుంచి దూరి పోతయి. 2000 సంవత్సరంలో నెదర్లాండ్స్ కు చెందిన బాస్, మైనార్డీ అనే ఇద్దరు ఒక లెక్క చెప్పిన్రు. అణువు బరువు 500 డాల్టన్లు (అణువుల బరువు చెప్పే కొలత) దాటితే అది మంచిగున్న చర్మం దాటుడు కష్టమని. మేం రాసే మలాముల్లోని మందులు దాదాపు అన్నీ ఆ లెక్క లోపలే ఉంటయి. హైడ్రోకార్టిసోన్ 362. సిగరెట్ మాన్పించేటందుకు అంటించే పట్టీలోని నికోటిన్ 162.

ఇప్పుడు జన్యువు దిక్కు రండి. జన్యువు అంటే డీఎన్‌ఏ మీద అక్షరాల వరుసలాగ రాసి ఉన్న సమాచారం. ఒక జన్యువు నోరు మూయించేటందుకు, అంటే పనిచేయకుండ ఆపేటందుకు, వాడే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క ఉంటది, ఇరవై ఒకటో ఇరవై రెండో అక్షరాల జత. అది సుమారు 13,000 డాల్టన్లు. మొత్తం జన్యువునే పంపాలంటే, నేను ఇంకో నిమిషంలో చెప్పబోయే ఏడో రకం కొల్లాజెన్ జన్యువునే తీసుకుందాం, దాని ప్రోటీన్‌కు కావల్సిన భాగమే దాదాపు 8,900 అక్షరాలు. బరువు 50 లక్షల డాల్టన్లు దాటుతది. 500 ఎక్కడ, 50 లక్షలు ఎక్కడ. పైగా డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండిటికీ రుణావేశం, అంటే మైనస్ కరెంటు గుణం, ఉంటది. కణం పైపొర కూడ అదే ఆవేశంతో ఉంటది, దగ్గరికి రానియ్యదు. ఆర్‌ఎన్‌ఏకు ఇంకో గండం, మన చర్మం మీదనే దాన్ని ముక్కలు చేసే ఎంజైములు ఉంటయి. ఉత్త ఆర్‌ఎన్‌ఏను తీసి చేతికి రాసుకుంటే జరిగేది ఏమీ ఉండదు.

ఎందుకు ఇంత కష్టపడుడు, సూది ఉన్నది కదా అనొచ్చు. అందుకే ముందు జబ్బు గురించి చెప్తా.

ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా అని ఒక జబ్బు ఉన్నది. ఈబీ అంటరు. చర్మం పై పొరను కింది పొరకు పట్టి ఉంచే ప్రోటీన్లు కొన్ని ఉంటయి. వాటిలో ఏదన్న ఒకటి పుట్టుకతోనే లేకపోయినా, సరిగ లేకపోయినా, చర్మం కొంచెం రాసుకుంటే చాలు ఊడొస్తది. అంగీ కుట్టు ఒరుసుకున్న చోట పొక్కు. చంకల కింద చేతులు పెట్టి ఎత్తుకుంటే అక్కడ పొక్కు. దేవరకొండ దిక్కు నుంచి ఒక పాపను తోలుకొచ్చిన్రు నా దగ్గరికి. బడికి పోయే వయసు. వేళ్లు మానిన పుండ్లతో ఒకదానికొకటి అతుక్కుపోయి, చేతికి సంచి తొడిగినట్టు అయినయి. పెన్సిల్ను రెండు అరచేతుల నడుమ పట్టుకుని తన పేరు రాసి చూపించింది. నోట్లో కూడ పొక్కులే, అందుకని గట్టి అన్నం తినలేదు, గంజి, పెరుగు. ఊళ్లో మొదట అమ్మవారు పోసిందన్నరట. తర్వాత అంటుకునే రోగమని పక్కన కూర్చోనియ్యలేదట. అది అంటుకునే రోగం కాదు. ఇది మాత్రం ఇక్కడున్న ప్రతి అక్క ఊరికి మోసుకుపోవాల్సిన మాట.

ఆ పాపకు ఉన్నది డిస్ట్రోఫిక్ ఈబీ. చర్మం పొరలను పట్టి ఉంచే ప్రోటీన్లలో ఒకటైన ఏడో రకం కొల్లాజెన్‌ను తయారుచేసే జన్యువు, సీఓఎల్ 7 ఏ 1, పాడయితే వచ్చేది. తీవ్రమైన రకంలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాడయిన కాపీలు వస్తేనే జబ్బు కనబడుతది. తల్లిదండ్రులిద్దరూ చూసేటందుకు మంచిగనే ఉంటరు. మేనరికాల్లో ఒకే తాత నుంచి అదే లోపం రెండు దిక్కుల నుంచీ వచ్చే అవకాశం ఎక్కువ. అటువంటి జంటకు ప్రతి కాన్పులో నూటికి 25 వంతులు బిడ్డకు జబ్బు వచ్చే వీలు ఉంటది. గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని కోడల్ని అంటరు. అది చాలా అన్యాయం. ఇందులో తల్లి ఎంతనో తండ్రీ అంతే, ఇద్దరి తప్పూ లేదు. మన జిల్లాలో వంకర కాళ్లు చూస్తే ఫ్లోరైడ్ గుర్తొస్తది. దాని కారణం నీళ్లు. నీళ్లు మార్చితే తర్వాతి పిల్లలు బాగుంటరు, దానికి జీన్ థెరపీతో పనిలేదు. ఈబీకి నీళ్లతో సంబంధం లేదు. అక్షరంలో తప్పు ఉన్నది, అక్షరమే దిద్దాలె.

ఇట్లాంటి పిల్లకు ఒళ్లంత సూదులు గుచ్చగలమా? చర్మమే ఊడిపోయే జబ్బు అది.

సూది గురించి ఒక నిజమైన ప్రయోగం చెప్త. పాకియోనికియా కంజెనిటా అని ఇంకో అరుదైన జబ్బు. అరికాళ్లు ఆనెలు కట్టి నడవలేని నొప్పి. అందులో చర్మానికి బలమిచ్చే కెరాటిన్ అనే ప్రోటీన్ జన్యువులో ఒక్క అక్షరం మారుతది. ఆ మారిన కాపీని మాత్రమే అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ తయారుచేసి, ఒకే ఒక రోగికి ఒక పాదంలో మందు, ఇంకో పాదంలో మందు లేని ద్రవం సూదితో ఎక్కించిన్రు. 2010లో ఫలితం అచ్చయింది. మందు పడ్డ చోట ఆనె ఊడి వచ్చింది. ఆర్‌ఎన్‌ఏ పనిచేసిందన్నట్టే. కానీ ఆ సూది నొప్పి ఎంత భయంకరంగ ఉన్నదంటే, నరానికి మత్తు ఇచ్చి గాని పొడవలేకపోయిన్రు. అంత నొప్పి పెట్టి పాదమంత ఎవరు పొడుస్తరు, ఎన్ని ఏండ్లు పొడుస్తరు? మందు దొరికింది, మోసేది దొరకలేదు. నా దృష్టిలో ఈ రంగం మొత్తం ఆ ఒక్క పాదంలో కనబడుతది.

ఆర్‌ఎన్‌ఏతో జన్యువు నోరు మూయించొచ్చని 1998లో ఫైర్, మెల్లో అనే ఇద్దరు కనిపెట్టిన్రు, 2006లో నోబెల్ వచ్చింది. ఆ దారిలో తయారైన మొదటి మందుకు అమెరికాలో అనుమతి 2018లో దొరికింది. నడుమ ఇరవై ఏండ్లు. అది కూడ కొవ్వుతో చేసిన అతి చిన్న (నానో) రేణువుల్లో పెట్టి రక్తంలోకి ఎక్కిస్తే కాలేయానికి పోయి పనిచేసే మందు. చర్మానికి రాలేదు.

చర్మం దాటించే దారి, మందుగ కాదు గాని ప్రయోగంగ, కనబడింది 2012లో, చికాగో దగ్గరున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుంచి. చాడ్ మిర్కిన్ అనే రసాయన శాస్త్రవేత్త, ఎయిమీ పాలర్ అనే చర్మవైద్యురాలు కలిసి చేసిన్రు. ఆమె మా వృత్తి మనిషి, అందుకని నాకు ఇంకా సంతోషం. 13 నానోమీటర్ల బంగారు గుండు తీసుకున్నరు. నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షలో వంతు. ఆ గుండు చుట్టూ చిన్న ఆర్‌ఎన్‌ఏ పోగులను దట్టంగ, నిటారుగ నిలబెట్టిన్రు. గోళాకార న్యూక్లిక్ ఆమ్లం అని పేరు. ఇక్కడ ఫార్మసీ పిల్లలు జర శ్రద్ధగ వినాలె. విడిగ ఒక్క పోగు ఉంటే కణం దాన్ని దగ్గరికి రానియ్యదు. అదే పోగులు గుండు చుట్టూ దట్టంగ నిలబడితే, కణం పైన ఉండే కొన్ని గ్రాహకాలు దాన్ని గుర్తుపట్టి అవే లోపటికి గుంజుకుంటయి. ఎంజైములు కూడ ఆ గుంపు నడుమకు తొందరగ చొరబడలేవు. రసాయనం అదే, అమరిక మారింది. అమరిక మారితే గుణం మారింది.

ఆ రేణువులను షాపుల్లో దొరికే మామూలు తేమ మలాములో కలిపి, వెంట్రుకలు లేని ఎలుకల చర్మం మీద మూడు వారాలు రాసిన్రు. గీకలేదు, గుచ్చలేదు. వాళ్లు గురి పెట్టింది ఈజీఎఫ్ఆర్ అనే జన్యువుకు. కణాలను పెరుగు, పెరుగు అని తరిమే సంకేతం అది. మూడు వారాల తర్వాత ఎలుక చర్మంలో ఆ ప్రోటీన్ దాదాపు కనబడకుండ పోయింది. చర్మం పై పొర మందం దాదాపు 40 శాతం తగ్గింది. ప్రయోగశాలలో పెంచిన మనిషి చర్మం మీద 60 గంటల్లో ఆ జన్యువు సందేశం 52 శాతం తగ్గింది. ఈ అంకెలు నేను చదివినప్పుడు మళ్లా మొదటి నుంచి చదివిన. ఎందుకంటే చదువుకునే రోజుల్లో ఇది కుదరదని చెప్పిన పాఠమే మాకు చెప్పిన్రు.

అయితే ఆగండి. ఆ పద్ధతి చేసింది ఒక జన్యువును అణచుడు. ఎక్కువైన దాన్ని తగ్గించాల్సిన జబ్బులకు అది సరిపోతది. సోరియాసిస్ వంటి వాటికి. సోరియాసిస్‌కు ఇదే తీరు రేణువుతో చేసిన మందు మనుషుల మీద తొలి దశ పరీక్ష దాంక పోయింది గాని, మందుల షాపు దాంక రాలేదు. నేను చెప్పిన పాపకు కావల్సింది అణచుడు కాదు. లేని జన్యువును ఇచ్చుడు. అది 8,900 అక్షరాల పొడుగు. అంత బరువు మోసి, మంచిగున్న చర్మం దాటించే నానో రేణువు మందుగ ఇంకా రాలేదు.

ఆ పాప జబ్బుకు జవాబు వేరే దారిలో వచ్చింది. 2023 మే నెలలో అమెరికాలో వైజువెక్ అనే జెల్‌కు అనుమతి ఇచ్చిన్రు. చర్మం మీద వేసే జీన్ థెరపీకి అనుమతి రావుడు అదే మొదలు. అందులో మోసేది వైరస్. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను తీసుకుని, అది పెరగకుండ చేసి, దాంట్లో కొల్లాజెన్ జన్యువును పెట్టిన్రు. వేరే జీన్ థెరపీల్లో ఎక్కువగ వాడే ఏఏవీ అనే వైరస్ సుమారు 4,700 అక్షరాలే మోస్తది, ఈ జన్యువు అందులో పట్టదు. హెర్పిస్ వైరస్‌ది దాదాపు లక్షన్నర అక్షరాల ఇల్లు. అందుకని దాన్ని ఎంచుకున్నరు. ఎంపిక మొత్తం మోత సామర్థ్యం చూసే జరిగింది. వారానికొకసారి పుండు మీద చుక్కలు చుక్కలుగ వేస్తరు. పుండు కాబట్టి తాటికమ్మల పొర అక్కడ లేనే లేదు, లోపలి కణాలు బయటపడే ఉన్నయి. 31 మంది మీద చేసిన పరీక్షలో, ఆరు నెలలకు మందు వేసిన పుండ్లలో 67 శాతం పూర్తిగ మూసుకున్నయి. ఉత్త జెల్ వేసినవాటిలో 22 శాతం.

చర్మ కణాలు రాలిపోతయి, కొత్తవి వస్తయి. అందుకని ఒకసారి వేసి ఊకుంటే సరిపోదు, మళ్లీ మళ్లీ వేయాలె. అమెరికాలో 2023లో ఒక సీసా ధర 24,250 డాలర్లు అని ప్రకటించిన్రు. అప్పటి మన లెక్కల సుమారు 20 లక్షలు. ఒక్క సీసా. అది కూడ గడ్డకట్టే చలిలో దాచాలె. ఇది వినంగనే నాకు కడుపులో దేవినట్టు అయింది, మీకూ అట్లనే ఉంటది. నానో రేణువుల మీద నా ఆశ ఇక్కడనే ఉన్నది. వైరస్‌ను బతికిన కణాల్లో పెంచాలె, శుద్ధి చేయాలె, ప్రతి బ్యాచ్‌కు వంద పరీక్షలు. కొవ్వు రేణువునో పాలిమర్ రేణువునో రసాయన పద్ధతిలో పెద్ద ఎత్తున చేయొచ్చు, వైరస్ మీద శరీరం ఎదురుతిరిగే భయం కూడ తక్కువ. అటువంటి ఫ్యాక్టరీలు, అటువంటి చదువు మన హైదరాబాదు చుట్టుపక్కలనే ఉన్నయి. వెనుక కూర్చున్న పిల్లలకు ఇది నేను గట్టిగ చెప్తున్న. ఈ సమస్య అమెరికావాళ్లు తీర్చి మనకు అమ్మేదాంక ఎదురుచూడాల్సింది కాదు.

చర్మం ద్వారా జన్యు పదార్థం ఇచ్చిన అనుభవం మన దేశానికి లేకపోలేదు. 2021 ఆగస్టులో అత్యవసర అనుమతి పొందిన జైకోవ్-డి అనే కోవిడ్ టీకా డీఎన్‌ఏ టీకా. మనుషులకు వాడేటందుకు అనుమతి పొందిన మొదటి డీఎన్‌ఏ టీకా ప్రపంచంలోనే అది. సూది లేకుండ, సన్నని ద్రవధారను వేగంగ కొట్టి చర్మంలోకి పంపిన్రు. అక్కడ రేణువు లేదు, వేగమే మోసుకుపోయింది.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే నాకు మనసు నిమ్మళంగ ఉండదు. మన క్లాక్ టవర్ దగ్గర ఏ మందుల షాపుకు పోయినా నానో క్రీములు, డీఎన్‌ఏ క్రీములు అని డబ్బాలు కనబడుతున్నయి. బొల్లికి, మంగుకు, తెల్లబడేటందుకు. నానో అన్నంత మాత్రాన అది చర్మం దాటదు. ఎండ తగలకుండ రాసుకునే క్రీముల్లో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ నానో రేణువులు ఎన్నో ఏండ్ల నుంచి ఉన్నయి. అవి మంచిగున్న చర్మం మీదనే ఉంటయి, లోపటికి పోవు. పోకపోవుడే వాటి మంచిగుణం. కాబట్టి ఎవరన్న నానో క్రీము అమ్మితే మూడు అడగండి: అది ఏం మోస్తున్నది, ఎంత లోతుకు పోతది, పోయినట్టు ఎవరు కొలిచిన్రు. ఈ రోజు మన దగ్గర షాపులో కొనుక్కునే జీన్ థెరపీ క్రీము ఒక్కటి కూడ లేదు. ఉన్నదని చెప్పినోళ్లకు పైసలు ఇయ్యకండి. బొల్లికి మంచి వైద్యం ఉన్నది, సర్కారు దవాఖానలోనే దొరుకుతది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో నుంచి ఒక విద్యార్థి: సార్, ఆ బంగారం లోపలికి పోతే ఒంట్లో పేరుకుపోదా?)

మంచి ప్రశ్న తమ్ముడూ. 2012 పరిశోధనలో అదే చూసిన్రు. మూడు వారాలు రాసిన తర్వాత ఎలుకల లోపలి అవయవాల్లో ఆ రేణువులు దాదాపు కనబడలేదు. రక్తంలో వాపు సంకేతాలు పెరగలేదు. కానీ మూడు వారాలు వేరు, మనిషి ముప్పై ఏండ్లు రాసుకునుడు వేరు. ఎలుక చర్మం మనకన్నా పలుచన కూడ. అందుకని బంగారం బదులు శరీరంలో కరిగిపోయే కొవ్వు గుండ్ల చుట్టూ అదే అమరిక చేస్తున్నరు.

(ఒక ఆశా కార్యకర్త: సార్, ఊళ్లో అట్ల చర్మం ఊడే బిడ్డ పుడితే మేమేం చేయాలె?)

అక్కా, ఇది అన్నిటికన్నా ముఖ్యం. బిడ్డను తుడిచేటప్పుడు రుద్దొద్దు, అద్దాలె. బొడ్డుకు ప్లాస్టిక్ క్లిప్పు ఉంటే అది ఒరుసుకుంటది, తీసి దారం కట్టమని నర్సమ్మకు చెప్పండి. ప్లాస్టర్ మాత్రం చర్మానికి ఎక్కడా అంటించొద్దు, తీసేటప్పుడు చర్మం దాంతోనే వస్తది. వ్యాజిలిన్ గుడ్డ వేసి పైన మెత్తని కట్టు చుట్టాలె. పొక్కు పెద్దగైతే శుభ్రమైన సూదితో కింది దిక్కు గుచ్చి నీళ్లు పోనియ్యాలె, పైన తోలు తీయొద్దు, అదే కట్టు. అంగీలు తిరగేసి తొడగాలె, కుట్లు బయటికి ఉండేటట్టు. చంకల కింద పట్టి ఎత్తొద్దు, మెత్త మీద పడుకోబెట్టి మెత్తతోనే లేపాలె. తల్లి పాలు ఇయ్యొచ్చు, బిడ్డ పెదవులకు, అమ్మ రొమ్ముకు కొంచెం వ్యాజిలిన్ రాసి. వేళ్ల నడుమ గుడ్డ పెట్టి విడివిడిగ కట్టాలె, మొదటి నెల నుంచే. ఆ పాపకు అది చేసినోళ్లుంటే చేతులు అంత తొందరగ అట్ల అయ్యేటివి కావు.

ఇంకోటి. ఎంత కష్టమైనా బిడ్డ రక్త నమూనా ఇప్పించండి. 2021లో కేంద్రం తెచ్చిన అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాదులో నిమ్స్ దవాఖానతో కలిపి సీడీఎఫ్‌డీని, అంటే డీఎన్‌ఏ పరీక్షలు చేసే సర్కారు సంస్థను, ప్రత్యేక కేంద్రంగ గుర్తించిన్రు. ఏ జన్యువులో లోపమున్నదో రాతపూర్వకంగ తెలిస్తే, అదే జంటకు తర్వాతి కాన్పులో మూడో నెలలోనే పరీక్ష చేసే వీలుంటది. చాలా ఇండ్లల్లో బిడ్డ పోయినంక వస్తరు. అప్పటికి నమూనా ఉండదు, తర్వాతి బిడ్డ గురించి మేం చెప్పగలిగేది తగ్గిపోతది. కాబట్టి పొక్కులతో పుట్టిన బిడ్డను చూసిన వారంలోనే పంపించండి. ఎవరిని కలవాల్నో తెలియకపోతే నన్ను అడగండి, చిట్టీ నేను రాసిస్త.